బెరడు తీయని తంగేడు

బైండరక్క ఆ రోజు నీళ్ళన్నీ నా చేతనే ఎందుకు మోయించింది?

ముప్పై రెండేళ్ళుగా ఈ ప్రశ్న నా దగ్గరే ఉంది. విషయం తెలిసే మోయించిందా, లేక ఆ వేళకి ఖాళీగా కనబడినవాణ్ణి నేనే కాబట్టి మోయించిందా? మనుషుల మనసుల్లోకి తొంగిచూసే పుస్తకాలు చాలానే చదివాను. దీనికి పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు.

అప్పట్లో నేను ఒక గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే బల్ల దగ్గర గుమాస్తాను. నా కుర్చీ వెనక ఒక తలుపు, తలుపు తీస్తే సన్నటి నడవా, నడవా చివర బైండింగు గది. చిరిగిన పుస్తకాలు ఆ గదిలోకి వెళ్ళి, నెలకో రెండు నెలలకో కొత్త అట్టలతో తిరిగొచ్చేవి. అందులో పనిచేసే ఒకే ఒక మనిషిని అందరూ బైండరక్క అనేవారు. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు. పొట్టిగా, గట్టిగా ఉండేది. మాట తక్కువ. మాట్లాడిందంటే కుట్టు ముడేసి దారం తెంపినట్టే, ఇక దానికి పొడిగింపు ఉండదు.

ఆమె బల్ల మీద ఒక కుట్టుచట్రం, దబ్బనం, మైనం రాసిన దారపు ఉండ, మైదా జిగురు గిన్నె ఉండేవి. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం అనే విషం కలిపేది. పురుగంటే ఆ భవనంలో అందరికీ పగే. మా ఉద్యోగాల్లో సగం ఉద్యోగం పురుగుతో యుద్ధం చేయడం. నెలకోసారి అల్మారాల అడుగున తెల్లటి పొడి చల్లేవాళ్ళం. ఆ పొడి డబ్బా బీరువాలో ఉండేది. బీరువా తాళంచెవి నా దగ్గర ఉండేది.

బైండింగు గది కిటికీ అవతల, భవనం వెనక, ఇరవై అడుగుల ఖాళీ జాగా. విరిగిన కుర్చీలు అక్కడే పడేసేవారు. ఒక మధ్యాహ్నం నేను చిరిగిన పుస్తకాల కట్ట పట్టుకుని వెళ్ళేసరికి బైండరక్క కిటికీ దగ్గర కూర్చుని, అట్టల అంచులు నున్నగా రుద్దే గరుకు కాగితం మీద చిన్న చిన్న గింజల్ని ఒక్కొక్కటే రుద్దుతోంది. పక్కన మా వాచ్‌మన్ నిలబడి వినోదం చూస్తున్నాడు. ఆయన్ని ఈల బాబాయ్ అనేవాళ్ళం. మెళ్ళో ఎప్పుడూ ఈల వేలాడుతుండేది. చదువుకునేవాళ్ళుంటారు కాబట్టి అది ఊదకూడదు. ఊదకూడని ఈలని మోస్తూనే ఆయన ఉద్యోగమంతా గడిచింది.

"ఏంటమ్మాయ్, గింజలకి కూడా అట్టలేస్తావా?" అన్నాడు బాబాయ్.

"వీటి తోలు మందం బాబాయ్. కాస్త గీరకపోతే లోపలికి నీళ్ళు పోవు. కొందరి బుర్రల్లాగా."

"నా బుర్ర గురించేనా?"

"గీరి చూస్తే కదా తెలిసేది."

అవి తంగేడు గింజలు. రైలు కట్ట పక్కన ఎండిన కాయలు కోసుకొచ్చిందట. మొక్కని పెరికి తెచ్చి నాటొచ్చు కదా అని నేను అడిగితే, తంగేడు తల్లివేరు చాలా లోతుకి దిగుతుందని, ఒకచోట నుంచి పెరికితే మరోచోట కుదురుకోదని చెప్పింది. ఎక్కడ ఉండాలో అక్కడే మొలవాలి. ఐదు గింజలు పెట్టింది. రెండు మొలిచాయి. ఒకటి బాబాయ్ చీపురుకి పోయింది. "కలుపనుకున్నా" అన్నాడు. మిగిలిన దాని చుట్టూ బైండరక్క పాత పుస్తకాల అట్టలు నాలుగు గుచ్చి, వాటి మీద పెద్ద అక్షరాలతో 'ఇది కలుపు కాదు' అని రాసింది. వాన పడ్డప్పుడల్లా అట్టలు నానిపోయేవి, మళ్ళీ మార్చేది.

మూడేళ్ళు అలా పెంచింది. జిగురు గిన్నె కడిగిన నీళ్ళలో మైలుతుత్తం ఉంటుంది కాబట్టి ఆ నీళ్ళు వెనక పారబోయకుండా, రోజూ భవనమంతా చుట్టి వీధి కాలవ దాకా మోసుకెళ్ళేది. పక్కనే జాగా పెట్టుకుని అంత దూరం ఎందుకక్కా అంటే, "ఇక్కడ పోస్తే మొక్క తాగేస్తుంది తమ్ముడూ. దానికి వద్దనడం రాదుగా" అంది.

ఒక్కసారి మాత్రం కాస్త ఎక్కువ మాట్లాడింది. పాత పుస్తకం ఒకటి విప్పుతూ, ఊడొచ్చిన తోలు అట్టని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"తంగేడు బెరడుతో పదును చేసిన తోలు ఇది. మా నాన్న తోళ్ళు పదునుచేసే తొట్ల దగ్గర పని చేసేవాడు. ఏడేళ్ళప్పటి నుంచీ నేను తంగేడు బెరడు కొట్టాను. మోపులు మోపులుగా వచ్చేది. పువ్వుతో నిలబడ్డ తంగేడుని చిన్నప్పుడు ఒక్కసారన్నా చూళ్ళేదు. పుయ్యకముందే కొట్టుకొచ్చేవాళ్ళు."

"రైలు కట్ట మీద బోలెడు పూస్తాయి కదక్కా."

"అవి నేను పెంచినవి కాదుగా. నేను ఎన్నిటికి ఒళ్ళు ఒలిచానో లెక్క లేదు. ఒక్కదాన్ని నా చేత్తో పెంచాలి. దాని ఒంటిమీది బెరడు దానికే ఉండి, అది పూస్తే చూడాలి. అంతే."

దారం తెంపేసింది. నేను పుస్తకాలు పెట్టి వచ్చేశాను.

మూడో ఏడు, మొక్క నడుమెత్తు అయ్యాక, పెద్దసారు నుంచి ఒక కాగితం వచ్చింది. పెద్దసారంటే గ్రంథాలయానికి అధికారి, మనిషి చెడ్డవాడు కాదు గానీ శుభ్రమంటే పిచ్చి. కాగితంలో రెండే రెండు విషయాలు. ఒకటి, ఇకమీదట బైండింగు పని బయట యంత్రాలున్నచోట చేయిస్తారు, ఐదు నెలల తరవాత వచ్చే తనిఖీతో బైండింగు గది మూసేస్తారు. రెండోది, తనిఖీలోపు వెనక జాగా అంతా సిమెంటు చేయించి సైకిళ్ళకి షెడ్డు వేయిస్తారు.

బైండరక్క కాగితం రెండుసార్లు చదివి, పని గుడ్డ విప్పి కొక్కానికి తగిలించి, తిన్నగా పెద్దసారు గదిలోకి వెళ్ళింది. నేను సంతకాల పుస్తకం పట్టుకుని అక్కడే ఉన్నాను. ఉద్యోగం గురించి అడుగుతుందనుకున్నాను. ఆయనా అదే అనుకున్నట్టున్నాడు, మొహం ముందే జాలిగా పెట్టుకున్నాడు.

"రెండోదాని గురించి వచ్చానండీ. నా మొక్క ఉంది అక్కడ."

"అది మొక్కా! బీళ్ళలో పెరిగే పిచ్చి తంగేడు. పెంచాలంటే గులాబీ పెంచుకోరాదూ?"

"గులాబీని పెంచేవాళ్ళు చాలామంది ఉన్నారండీ."

ఆయన కాసేపు కలంతో బల్ల మీద కొట్టాడు. "సరే. సిమెంటు పోసే రోజుకి అది పూలమొక్కలా కనబడితే మూడడుగుల చదరం వదిలిస్తాను. పుల్లలా కనబడితే మాత్రం నన్నేమీ అనొద్దు."

"పూస్తుందండీ" అని వచ్చేసింది. ఉద్యోగం ఊసే ఎత్తలేదు.

ఆ తరవాత వారం రోజులకి ఆమె తమ్ముడింటికి పనుండి రెండు రోజులు సెలవు పెట్టింది. మొదటి రోజు మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే తంగేడు నిండా పురుగులు. ఆకు రంగులోనే, ఆకు అంచునే పట్టుకుని, పుస్తకం చదివినట్టు ఒక చివర నుంచి మరో చివరకి తినేస్తున్నాయి. పువ్వు దాకా ఇదేం బతుకుతుంది? అక్క తిరిగొచ్చేసరికి పుల్లే మిగులుతుంది. పదకొండేళ్ళుగా పురుగుని చూడగానే చేయి ఎటు వెళ్ళేదో అటే వెళ్ళింది. బీరువా తాళం తీశాను. పొడిని బకెట్టు నీళ్ళలో చిక్కగా కలిపాను. అల్మారాకి చెంచాడు వేస్తే, ఇది ప్రాణమున్నది కదా అని పిడికెడు వేశాను. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆకుల మీదా మొదట్లోనూ పోసి, గొప్ప మేలు చేసినవాడిలా చేతులు కడుక్కున్నాను.

ఆమె వచ్చేసరికి పురుగులు లేవు. ఆకులూ లేవు. కొమ్మల చివర్లు మాడి నల్లబడ్డాయి.

బైండరక్క వంగి, రాలిన ఆకు ఒకటి తీసి వాసన చూసింది. పొడి వాసన ఆ భవనంలో ఎవరికి తెలియదు? నేను వెనక గుమ్మంలో నిలబడి ఉన్నాను. నోరు తెరిచానేమో కూడా. ఆమె నా వైపు తిరిగింది.

"పురుగులు ఎంత తిన్నా దీనికేం కాదు తమ్ముడూ. వాటికి ఇదే తిండి. అవి తింటాయి, సీతాకోకలై పోతాయి, ఇది మళ్ళీ చిగురు వేస్తుంది." చేతిలోని ఆకు పడేసింది. "బకెట్టు తీసుకురా."

ఎవరు పోశారని అడగలేదు. నాలుగు వేళ్ళ మందాన పైమట్టి అంతా తనే తవ్వి తీసి గోనెసంచికి ఎత్తింది. నేను కుళాయి నుంచి నీళ్ళు మోశాను. మొదట పోసి, ఇంకనివ్వాలి, మళ్ళీ పోయాలి. పదిహేను దాకా లెక్కపెట్టి మానేశాను. ఈల బాబాయ్ వచ్చి, "నేనూ ఒక చెయ్యి వేస్తానమ్మాయ్" అంటే, "వద్దు బాబాయ్, తమ్ముడు పోస్తున్నాడుగా" అంది. నా అరచేతులు బొబ్బలెక్కాయి. చెప్పేద్దామని ప్రతి బకెట్టుకీ అనుకున్నాను. బకెట్టు దించగానే ఆమె "ఇంకోటి" అనేది.

మర్నాడు అట్టలు కోసే పెద్ద కత్తి నూరుకుని వచ్చింది. మొక్కని నేల నుంచి మూరెడు ఎత్తులో, ఏటవాలుగా, ఒక్కొక్క కొమ్మనీ ఒక్కొక్క వేటుతో కొట్టేసింది. మిగిలింది మూడు మోళ్ళు.

బాబాయ్ తల పట్టుకున్నాడు. "పుల్లలా కనబడకూడదన్నాడు కదమ్మాయ్ ఆయన! నువ్వే పుల్ల చేశావేంటి?"

"బెరడు కోసం ఇలాగే కొట్టేవాళ్ళు. మొదలంటా కొట్టరు, మూరెడు వదులుతారు. కోత వాలుగా ఉండాలి, నీళ్ళు నిలవకూడదు. అలా కొడితే వేరు ఊరుకోదు. మళ్ళీ ఏడాదికి రెండింతలు వస్తుంది, మళ్ళీ కొడతారు." కత్తి తుడిచింది. "చేతికి వచ్చిన పని అదొక్కటే. ఈసారి కొట్టడం వరకే, ఒలవడం లేదు."

నెల రోజులు ఏమీ లేదు. ఈల బాబాయ్ రోజూ కిటికీ దగ్గర ఆగి, "పుల్లగారు కులాసాయేనా?" అని అడిగేవాడు. "నిద్రలో ఉన్నారు, మెల్లగా మాట్లాడు" అనేది ఆమె, తల ఎత్తకుండానే. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. రోజూ పొద్దున్నే బల్ల తాళం తీయకముందే వెళ్ళి చూసేవాణ్ణి. ఒక రోజు మోడు పక్కన ఆవగింజంత ఆకుపచ్చటి బొడిపె. వెళ్ళి చెబితే, "మొన్నే చూశా" అంది. చిగుళ్ళు వచ్చాయి, రెమ్మలయ్యాయి. నాలుగో నెలకి మోకాలు దాటింది. మళ్ళీ పురుగులు వచ్చాయి. ఈసారి నేను కిటికీ వైపు వీపు పెట్టుకుని కూర్చున్నాను.

కాగితం వచ్చి నాలుగు నెలలు దాటేసరికి రెమ్మల చివర గుత్తులుగా మొగ్గలు. అప్పుడే తెలిసింది, తనిఖీ రెండు వారాలు ముందుగానే వస్తోందని. మర్నాడే మేస్త్రి ఇసుక తోలించాడు. ఎల్లుండి సిమెంటు పోత.

ఈల బాబాయ్ ఆ సాయంత్రం రైలు కట్ట దాకా నడిచి వెళ్ళి, విరగబూసిన తంగేడు కొమ్మ ఒకటి చాటుగా పట్టుకొచ్చాడు. "నీ దగ్గర దారముంది, జిగురుంది. ఆయనకి అద్దాల్లేకుండా దగ్గరిది కనబడదు. నాలుగు పువ్వులు కట్టేశామంటే గొడవ వదిలిపోతుంది" అన్నాడు.

బైండరక్క ఆ కొమ్మని తీసుకుని నీళ్ళ గ్లాసులో పెట్టింది. "బాబాయ్, ఇరవై రెండేళ్ళలో ఈ పుస్తకంలో పేజీ ఆ పుస్తకంలో కుట్టలేదు నేను. ఇప్పుడు కుట్టను."

"మరేం చేస్తావ్?"

"పని చేసుకుంటా."

పోత రోజు పొద్దున్న మేము వచ్చేసరికి ఆమె కుట్టుచట్రం, బల్లపీట, జిగురు గిన్నె అన్నీ వెనక జాగాలో, సరిగ్గా తంగేడు పక్కన ఉన్నాయి. మధ్యలో కూర్చుని ఒక లావుపాటి పుస్తకం కుడుతోంది. మేస్త్రి, ఇద్దరు కూలీలు పారలు పట్టుకుని చూస్తున్నారు.

"అమ్మా, జరిగితే పోసుకుంటాం" అన్నాడు మేస్త్రి.

"పొయ్యండి నాయనా. నా చుట్టూ పొయ్యండి."

"నిన్ను కూడా కలిపి పోసేస్తే?"

"షెడ్డుకి స్తంభం కలిసొస్తుంది."

కూలీలు నవ్వారు. మేస్త్రి పెద్దసారుని పిలుచుకొచ్చాడు. ఆయన రుమాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమిటమ్మా ఇది?"

"లోపల ఉక్కగా ఉందండీ."

"పూలమొక్కలా కనబడితే అన్నాను. ఇది పూసిందా?"

"మీరు చెప్పిన గడువు ఇంకా మూడు వారాలుందండీ. గడువుని మీరు జరిపారు. మొక్కని నేను జరపలేను." దారం మైనం మీద లాగింది. "మూడు వారాలు అడగట్లేదు. మొగ్గ పసుపు తిరిగింది. రెండు మూడు రోజులు. ఈలోగా ఆ చివర నుంచి పోసుకురమ్మనండి."

ఆయన మొక్కని చూశాడు, ఆమెని చూశాడు, మేస్త్రిని చూశాడు. చివరికి, "ఆ చివర నుంచి పొయ్యి" అని వెళ్ళిపోయాడు.

రెండు రోజులు సిమెంటు ఆమె వైపు జరుగుతూ వచ్చింది. ఆమె ఎండలో కుడుతూనే ఉంది. మధ్యాహ్నాలు నేను నీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టేవాణ్ణి. తను సగం తాగి సగం మొక్కకి పోసేది. రెండో రోజు సాయంత్రానికి సిమెంటు అంచుకీ ఆమె పీటకీ మధ్య ఏడడుగులు మిగిలింది. మర్నాడు పొద్దున్న, మేస్త్రి ఇంకా రాకముందే, మూడు పువ్వులు విచ్చాయి.

నేను పరుగెత్తుకెళ్ళి పెద్దసారుని పిలుచుకొచ్చాను. ఆయన అద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. పసుపంటే అదీ పసుపు. నడిమి నుంచి పొడుగాటి కేసరాలు వంపు తిరిగి, ఎవరినో వేలెత్తి పిలుస్తున్నట్టున్నాయి.

"పువ్వే" అన్నాడు, కాదని ఎవరో వాదించినట్టు. "మేస్త్రీ, మూడడుగులు వదిలెయ్యి."

"నాలుగండీ" అంది బైండరక్క.

"మూడన్నాను."

"మూడు పువ్వులకి మూడడుగులు బానే ఉంది. నాలుగోది రేపు పొద్దున్న విచ్చుకుంటుంది. మేస్త్రిని మళ్ళీ పిలవాలి కదండీ."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. నాలుగడుగులే వదిలారు. కొలత ఆమే పెట్టింది, పుస్తకాలు కొలిచే ఇనప బద్దతో. చదరం మూలలు సరిగ్గా రాలేదని మేస్త్రి చేత అంచున కొట్టిన చెక్కపలక ఒకటి ఊడదీయించి మళ్ళీ వేయించింది. అక్కడితో ఆగలేదు. 'ఈ నాలుగడుగుల జాగాలో సిమెంటు వేయరాదు, మొక్కని కొట్టరాదు' అని పెద్దసారు చేత రాయించి సంతకం పెట్టించుకుంది. ఆ కాగితాన్ని గ్రంథాలయం పుస్తకాల శాశ్వత జాబితాలో, అన్నిటికంటే లావుపాటి రిజిస్టరులో, నడిమి కుట్టులో కలిపి కుట్టేసింది. రెండు రోజులుగా ఎండలో కూర్చుని కుట్టింది ఆ రిజిస్టరునేనని అప్పుడు చూశాను.

"దీన్ని ఊడదీయాలంటే మొత్తం విప్పాలి. విప్పడం వచ్చినవాళ్ళు ఇక ఇక్కడ ఉండరుగా" అంది.

ఆ రోజు మధ్యాహ్నం మిగిలిన సిమెంటు పోశారు. తడి ఆరేదాకా వెనక నుంచి ఎవరూ నడవకూడదని మేస్త్రి తాడు కట్టాడు. సాయంత్రం బల్ల మూశాక వెళ్ళి ఆ పొడి సంగతి చెప్పేయాలని నేను నిర్ణయించుకున్నాను. మాటలు కూడా కూర్చుకున్నాను. "అక్కా, ఆ రోజు..." అని మొదలుపెట్టాలి. తరవాతిది అదే వస్తుంది.

మూడు గంటలప్పుడు నా వెనక తలుపు తెరుచుకుంది. ఇరవై రెండేళ్ళూ ఆమె వెనక దారినే వచ్చి వెనక దారినే వెళ్ళేది. ఆ రోజు దారి లేక ముందు హాల్లోంచి వచ్చింది. చేతిలో గుడ్డసంచి, చంకలో గొడుగు. నా బల్ల ముందు పుస్తకాలు తీసుకునేవాళ్ళు ఐదారుగురు వరసలో ఉన్నారు. నేను ఒకరి కార్డు మీద తేదీ ముద్ర వేస్తున్నాను. దారం అయిపోయి బజారుకి వెళుతోందనుకున్నాను, ఇక తిరిగి రాదని అప్పటికి నాకు తెలియదు. ముద్ర సరిగ్గా పడలేదు, రెండోసారి వేసి తల ఎత్తాను. ఆమె అప్పటికే బల్లల మధ్య నుంచి, ఎవరి కుర్చీకీ తగలకుండా పక్కకి ఒదిగి నడుస్తూ, గుమ్మం దాకా వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు. లోపల చదువుకునేవాళ్ళున్నారని, ఆ బరువు తలుపుని చప్పుడు కాకుండా రెండు చేతులతో పట్టుకుని మెల్లగా దగ్గరికి వేసింది.